లువా ఇంటర్‌ప్రెటర్ మీద ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సీ భాషలో రాసిన స్క్రిప్టింగ్ ఇంటర్‌ప్రెటర్‌ను (స్క్రిప్టును చదివి అక్కడికక్కడే నడిపే ప్రోగ్రాంను) మీ మిషన్‌లో పెట్టి జనం మధ్యకు పంపుతున్నారా? అయితే ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్ అనే ఫజ్జర్ తప్పకుండా వాడండి. ప్రోగ్రాంకు రకరకాల అడ్డదిడ్డమైన ఇన్‌పుట్‌లు ఇచ్చి, అది ఎక్కడ కూలుతుందో వెతికే పనిముట్టు అది. కాకపోతే డౌన్‌లోడ్ చేసి అలాగే నడిపితే పెద్దగా ఏమీ దొరకదు. ముందు కొంత కష్టపడి దానికి పని అమర్చిపెట్టాలి.

మేం తిరుపతిలో పాల కేంద్రాలకు మిషన్లు తయారు చేస్తాం. రైతు పాలు పోయగానే ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు) చూసి, డబ్బు లెక్కకట్టి చీటీ ఇచ్చే పెట్టె అది. ఒక్కో డెయిరీది ఒక్కో రేటు చార్టు, అదీ మాటిమాటికీ మారుతుంది. ప్రతిసారీ ఫర్మ్‌వేర్ (మిషన్‌లోని మూల సాఫ్ట్‌వేర్) మార్చలేం కాబట్టి లెక్కలన్నీ లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టుల్లో ఉంటాయి. లువా 1993లో బ్రెజిల్‌లో, రియో కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. చాలా చిన్నది, వేరే ప్రోగ్రాముల్లో ఇమిడిపోవడానికే తయారైంది. మేం వాడేది వెర్షన్ 5.4.

స్క్రిప్టులో తప్పుంటే లువా ఎర్రర్ చెప్పి ఆగుతుంది, దాంతో ఇబ్బంది లేదు. ఇంటర్‌ప్రెటరే కూలితే మాత్రం మిషన్ మొత్తం రీస్టార్ట్ అవుతుంది. అదీ తెల్లవారుజామున, క్యాన్లు పట్టుకుని జనం వరుసలో నిలబడ్డప్పుడు. పలమనేరు వైపు చూసుకునే మా టెక్నీషియన్ "అన్నా, మిషన్ మళ్లీ దానంతటదే ఆఫై ఆన్ అయింది, ఒకామె పాలు రెండోసారి కొలవాల్సొచ్చింది" అని ఫోన్ చేసేవాడు. లాగ్ చూస్తే ఏమీ ఉండేది కాదు. ఆ టెన్షన్ నన్ను ఫజ్జింగ్ దాకా తీసుకొచ్చింది.

ఈ పద్ధతి పాతదే. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బార్టన్ మిల్లర్ దీన్ని మొదలుపెట్టారు. యూనిక్స్ ప్రోగ్రాములకు అడ్డదిడ్డమైన అక్షరాలు ఇచ్చి చూస్తే, వాటిలో నాలుగో వంతుకు పైగా కూలిపోవడమో కదలకుండా ఆగిపోవడమో జరిగింది. 2013లో మిహావ్ జలెవ్‌స్కీ తెచ్చిన ఏఎఫ్ఎల్ ఒక అడుగు ముందుకెళ్లింది. ఏ ఇన్‌పుట్ వల్ల ప్రోగ్రాంలో కొత్త దారి నడిచిందో గమనించి, దాన్ని దాచుకుని, మళ్లీ దాన్నే మారుస్తుంది. ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్ దాన్నుంచి వచ్చిందే.

ఇంటర్‌ప్రెటర్ దగ్గర ఈ తెలివి మొదట పనిచేయదు. బైట్లు అటూ ఇటూ మారిస్తే వచ్చేది సరైన లువా కోడ్ కాదు. నూటికి తొంభై, కోడ్ వ్యాకరణాన్ని చూసే పార్సర్ దగ్గరే "సింటాక్స్ ఎర్రర్" అని వెనక్కి వస్తాయి. లోపలున్న గార్బేజ్ కలెక్టర్‌నూ (అక్కర తీరిన మెమరీని విడిపించే భాగం), లువా డేటా దాచుకునే టేబుళ్లనూ అవి తాకనే తాకవు. అందుకే లువా కీవర్డులు, లైబ్రరీ ఫంక్షన్ల పేర్లు రాసిన డిక్షనరీ ఇవ్వాలి. సీడ్‌లుగా, అంటే ఫజ్జర్ మార్చడం మొదలుపెట్టే తొలి ఇన్‌పుట్‌లుగా, మీ అసలు స్క్రిప్టులనే ముక్కలు చేసి ఇవ్వండి. మా రేటు చార్టుల్లోంచి చిన్న చిన్న ఫంక్షన్లు తీసి ఇచ్చాక స్క్రీన్ మీద కొత్త దారుల సంఖ్య కదలడం మొదలైంది.

ఇంకో చిక్కు స్టెబిలిటీ, అంటే ఒకే ఇన్‌పుట్ ప్రతిసారీ ఒకే దారిలో నడవడం. లువా తన హాష్ టేబుళ్ల కోసం సమయాన్నీ మెమరీ అడ్రస్‌నూ కలిపి ఒక సీడ్ (ఇక్కడ ఇది తొలి ఇన్‌పుట్ కాదు, ఒక అంకె) తయారు చేసుకుంటుంది. దాంతో ఒకే స్క్రిప్టు ఒక్కోసారి ఒక్కో దారిలో పోయి ఫజ్జర్‌ను తికమక పెడుతుంది. కంపైల్ చేసేటప్పుడు ఆ సీడ్‌ను ఒక స్థిరమైన అంకెగా పెట్టేయండి. బైట్‌కోడ్‌ను (ముందే కంపైల్ చేసిన లువా స్క్రిప్టును) లోడ్ చేయనివ్వకండి, టెక్స్ట్ మాత్రమే అనుమతించండి. చెడగొట్టిన బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్‌ను కూల్చగలదని లువా మాన్యువలే చెబుతోంది. అలాంటి క్రాష్‌లు ఎన్ని దొరికినా మనకు పనికిరావు. ఫైళ్లనూ సిస్టంనూ తాకే ఓఎస్, ఐఓ లైబ్రరీలు తీసేయడం అన్నిటికన్నా ముఖ్యం. లేకపోతే ఫజ్జర్ పుట్టించిన స్క్రిప్టు మీ ఫైళ్లనే చెరిపేయొచ్చు.

ఇక అసలు సంగతి. మెమరీని తప్పుగా వాడగానే పట్టుకునే అడ్రస్ శానిటైజర్ లేకుండా నడిపినన్నాళ్లూ మాకు విలువైనది ఏదీ దొరకలేదు. ప్రోగ్రాం సుమారు రెండింతలు నెమ్మదించినా సరే, దాన్ని పెట్టాల్సిందే. దానితోపాటు టెస్ట్ బిల్డ్‌లో, లువా నుంచి మా సీ ఫంక్షన్లను పిలిచిన ప్రతిసారీ గార్బేజ్ కలెక్టర్ పూర్తిగా నడిచేలా మార్చాం. అసలు తప్పు ఆ రాత్రే పట్టుబడింది. పాత కోడ్‌లో ఒక సీ ఫంక్షన్, లువా స్టాక్ (లువా, సీ కోడ్ విలువలు ఇచ్చిపుచ్చుకునే చోటు) మీదున్న స్ట్రింగ్‌కు పాయింటర్, అంటే దాని మెమరీ చిరునామా, తీసుకుని, ఆ స్ట్రింగ్‌ను స్టాక్ నుంచి తీసేసిన తర్వాత కూడా అదే పాయింటర్ వాడుతోంది. స్టాక్ మీద లేని స్ట్రింగ్‌ను, ఇంకెవరూ పట్టుకుని లేకపోతే, కలెక్టర్ ఎప్పుడైనా విడిపించేయొచ్చు. మామూలు రోజుల్లో ఆ మెమరీలో పాత అక్షరాలే మిగిలి ఉంటాయి కాబట్టి చీటీ సరిగ్గానే వచ్చేది. కలెక్టర్ సరిగ్గా ఆ క్షణంలో నడిస్తేనే మిషన్ కూలేది. లాగ్‌లో ఎందుకు కనబడలేదో అప్పుడు అర్థమైంది. తప్పు లువాది కాదు, మేం దానికి అతికించిన కోడ్‌ది. సరిచేసి పంపాక పలమనేరు నుంచి ఆ ఫోన్లు ఆగిపోయాయి. ఈ ఒక్కదాని కోసమైనా ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్‌కు నేను రుణపడి ఉన్నాను.

నచ్చనివీ ఉన్నాయి. ఆగకుండా నడిచే ఇన్‌పుట్‌లు పడే హ్యాంగ్‌ల ఫోల్డర్ అనంతమైన లూప్‌లతో నిండిపోతుంది. ఇన్ని ఇన్‌స్ట్రక్షన్ల తర్వాత ఆపేయమని లువా హుక్ (మధ్యలో పలికే మన ఫంక్షన్) పెట్టొచ్చు, కానీ స్ట్రింగ్ ప్యాటర్న్ వెతికే ఫంక్షన్ లోపల సీ కోడ్ నడుస్తున్నంతసేపూ ఆ హుక్ పలకదు. ఒకే బగ్ రకరకాల క్రాష్ ఫైళ్లుగా వచ్చి పడుతుంది. వాటిని స్టాక్ ట్రేస్ (కూలిన క్షణంలో ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే జాబితా) చూసి మనమే వేరుచేసుకోవాలి. ఫైలును కుదించే టీమిన్ అనే పనిముట్టు మాత్రం బంగారం లాంటిది. పేజీ నిండా ఉన్న స్క్రిప్టును రెండు లైన్లకు తెస్తుంది.

మన ఊరి ఎండల గురించి ఒక మాట. మే నెలలో పగలు అన్ని కోర్ల మీదా నడిపితే మా కొర్లగుంట ఆఫీసు గదిలో కూర్చోలేం, కంప్యూటర్ కూడా వేడెక్కి నెమ్మదిస్తుంది. సాయంత్రం మొదలుపెట్టి రాత్రంతా వదిలేస్తాం. కరెంటు పోయినా భయం లేదు, ఆటో రెజ్యూమ్ సెట్టింగ్ పెట్టుకుంటే ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు లువాకు అతికించే సీ కోడ్‌లో ఎవరు ఏం మార్చినా, ఒక రాత్రి ఫజ్జర్ కింద నడవకుండా అది ఏ పాల కేంద్రానికీ వెళ్లడం లేదు.