డోర్ నంబరు ఉన్నా ఇల్లెందుకు దొరకదు? టోక్యో, సియోల్, విశాఖ మ్యాపుల్లో ఏది మేలు?

మొన్న మాఘంలో మా చెల్లి పెళ్లి శుభలేఖలు పంచడానికి మూడు రోజులు బండి మీద విశాఖ అంతా తిరిగాను. మద్దిలపాలెం, కంచరపాలెం, గాజువాక, మధురవాడ. కవరు మీద డోర్ నంబరు పక్కాగా ఉంది. ఫోన్ చేస్తే గానీ ఇల్లు దొరకలేదు. రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద ఆరు వారాలు టోక్యోలో ఉన్నాను, ఒక్కరోజు కూడా ఎవర్నీ దారి అడగలేదు.

చిరునామాల పద్ధతే వేరేమో అనుకున్నాను. తీరా చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. మన డోర్ నంబరులో మూడు అంకెలు, మధ్యలో గీతలు: వార్డు, బ్లాకు, ఇల్లు. అక్కడా చోమె (పేటలో భాగం), బన్ (బ్లాకు), గో (ఇల్లు) అని మూడు అంకెలే. పైగా చాలా వీధులకు పేర్లే లేవు. అయినా ఆ అంకెలు కొడితే మ్యాపు గుమ్మం ముందు నిలబెడుతుంది. మన దగ్గర పిన్ను ద్వారకానగర్ నడిబొడ్డున ఎక్కడో పడుతుంది.

తేడా అంతా మనుషుల కష్టంలో ఉంది. 1948లో బెప్పు అనే ఊళ్లో మొదలైన జెన్రిన్ అనే మ్యాపుల కంపెనీ ఉద్యోగులు కాలినడకన ఇంటింటికీ వెళ్లి, పేరుపలక చూసి రాసుకుంటారు. జపాన్‌లో గూగుల్ మ్యాప్స్ 2019 దాకా ఎక్కువగా ఆ సమాచారం మీదే నడిచింది. ఆ ఏడాది మార్చిలో డేటా మారేసరికి దారులు మాయమయ్యాయని, బస్టాపులు కనబడడం లేదని జనం గగ్గోలు పెట్టారు. ఇంటింటికీ తిరిగిన నడక విలువ అదీ.

సియోల్‌లో ఉన్న మా బావ కొరియావాళ్ల నేవర్ మ్యాపే వాడతాడు. మెట్రోలో ఏ పెట్టె ఎక్కితే రైలు మారడం తేలికో, ఏ నంబరు గేటు నుంచి బయటపడాలో కూడా అది చెబుతుంది. ఉత్తర కొరియాతో ఉన్న ఉద్రిక్తత వల్ల వివరమైన మ్యాపు డేటాను దేశం దాటించడానికి అక్కడి ప్రభుత్వం 2007లోనూ 2016లోనూ గూగుల్‌కు అనుమతి ఇవ్వలేదు. ఆ ఖాళీలో సొంత యాప్‌లు బలంగా ఎదిగాయి. చిరునామాలనూ వాళ్లు సంస్కరించుకున్నారు: 2014 నుంచి వీధి పేరు, ఇంటి నంబరే అధికారికం. చైనాకు వెళ్లేవాళ్లు మాత్రం అక్కడి గావోదే, బైదు యాప్‌లే పెట్టుకోవాలి. ఆ దేశం అక్షాంశ రేఖాంశాలనే కొంత జరిపి వాడుతుంది, బయటి మ్యాపులో మీరు రోడ్డు పక్క చెరువులో ఉన్నట్టు కనబడవచ్చు.

బండి మీద తిరిగేవాళ్లకు మాత్రం మన దేశమే మేలంటాను. గూగుల్ టూవీలర్ దారి 2017లో ముందు ఇక్కడే వచ్చింది. ఫ్లైఓవర్ల దగ్గర ఏ వరస పట్టాలో బొమ్మ గీసి చూపే సదుపాయం మన దేశపు మ్యాపుల్స్ (Mappls) యాప్‌లో ఉంది. 2021లో మ్యాపుల మీద ఆంక్షలు సడలించాక, 2022 జూలైలో గూగుల్ వీధి చిత్రాలు (స్ట్రీట్ వ్యూ) 10 నగరాలతో తిరిగి మొదలయ్యాయి. ఆ పదిలో విశాఖ లేదు. ఆ లోటు నాకు అప్పట్లో బాధే.

మన చిక్కు కొండల దగ్గర వస్తుంది. అరిలోవలో ఒక యాప్ "గమ్యం చేరుకున్నారు" అని నన్ను మెట్ల అడుగున వదిలేసింది. ఫోన్ చేస్తే పెద్దావిడ, "బాబూ, బండి అక్కడే పెట్టేయ్, మావాణ్ణి పంపిస్తాను" అంది. ఇల్లు సరిగ్గా నా తలకు పైన ఉంది. 2025 మేలో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ దాదాపు 4 మీటర్ల చదరానికి ఒక పది అక్షరాల కోడ్ ఇస్తుంది. చాలా మంచి పని. కానీ ఆ కోడ్ చోటు చెబుతుంది, పైకెక్కే దారి చెప్పదు.

ఆ దారిని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా గీయవచ్చు. పెళ్లి పనులు తీరాక కూర్చుని గీశాను. మెట్లెన్నో రాసే గడి కూడా ఉంది. ఆదివారం మళ్లీ వెళ్లి లెక్కపెట్టుకొచ్చాను. 83.