ఫాస్టాగ్ వార్షిక పాస్: మూడు వేలు ఎవరికి గిట్టుబాటు?

2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైనప్పటి నుంచి ఎక్కడ విన్నా ఒకటే లెక్క: 3,000 రూపాయలకు 200 ట్రిప్పులు, అంటే టోల్ గేటుకు పదిహేను రూపాయలే. లెక్క తప్పు కాదు. కాకపోతే ఏడాది తిరిగేలోపు 200 గేట్లూ దాటిన కారుకే ఆ పదిహేను. ఇరవై గేట్లు మాత్రమే దాటిన కారుకు గేటుకు 150 పడుతుంది, మామూలుగా కట్టుకున్నా అంతకంటే తక్కువే అవుతుంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మన కారు ఏడాదికి ఎన్ని గేట్లు దాటుతుంది, అవి ఎవరి గేట్లు అన్నది.

హైదరాబాద్–విజయవాడ దారినే తీసుకుందాం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు – మూడు గేట్లు. 2025–26 రేట్లలో కారుకు ఒకవైపు మూడూ కలిపి సుమారు 300. పాస్ లెక్కలో గేటుకో ట్రిప్పు, కాబట్టి వెళ్లి రావడానికి ఆరు ట్రిప్పులు. రెండు మూడు రోజులు ఉండి వచ్చేవాళ్లకు రానూపోనూ 600 అవుతుంది గనక ఐదో ప్రయాణంతో పాస్ డబ్బు తీరిపోతుంది. అదే 24 గంటల్లో తిరిగొచ్చేవాళ్లయితే మామూలు ఫాస్టాగ్‌కే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లే, అంటే 450 చొప్పున పడుతుంది. వాళ్లకు ఏడో ప్రయాణం దాకా లాభం కనపడదు. సంక్రాంతికి, దసరాకు, ఎండాకాలం సెలవులకు తప్ప కారు ఊరు దాటని ఇంటికి ఈ పాస్ దండగే.

విశాఖ దాకా వెళ్లేవాళ్ల కథ వేరు. విజయవాడ దాటాక పొట్టిపాడు, కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట, కృష్ణవరం, వేంపాడు వరసగా తగులుతాయి. ఒకవైపే తొమ్మిది గేట్లు. అలాంటి ప్రయాణాలు ఏడాదికి రెండు మూడు ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లొచ్చే ఉద్యోగులకూ ఇదే మాట.

ఇక ఈ పాస్ చెల్లని చోట్లు. ఇది జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకు మాత్రమే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దీని కిందికి రాదు. గచ్చిబౌలిలో ఔటర్ ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగి విజయవాడ దారి పట్టే కారుకు ఔటర్ టోల్ మామూలుగా ఫాస్టాగ్ వాలెట్‌లోంచే కట్ అవుతుంది, ఆ తర్వాతి మూడు గేట్లే పాస్ మీద పోతాయి. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కాబట్టి దుద్దెడ, రేణికుంట గేట్ల దగ్గరా పాస్ పనికిరాదు. ముంబయి–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీదా అంతే. ‘పాస్ ఉన్నా డబ్బు కట్ అయింది’ అనేవాళ్లు ముందు ఆ గేటు ఎవరిదో చూసుకోవాలి. జాతీయ రహదారి మీదే కట్ అయితే మెసేజ్‌లో ఉన్న ప్లాజా పేరు, సమయం పట్టుకుని 1033కి ఫోన్ చేయాలి.

కొనడం తేలికే. రాజ్‌మార్గ్ యాత్ర యాప్‌లో గానీ, జాతీయ రహదారుల సంస్థ వెబ్‌సైట్‌లో గానీ బండి నంబరు కొట్టి, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఇచ్చి, యూపీఐ లేదా కార్డుతో కట్టాలి. ఫాస్టాగ్ వాలెట్‌లో ఉన్న డబ్బుతో కట్టడం కుదరదు. మామూలుగా రెండు గంటల్లోపు పాస్ పని మొదలవుతుంది కాబట్టి గేటు ముందు ఆగి కొనే ఆలోచన పెట్టుకోవద్దు. 3,000 అన్నది 2025–26కి పెట్టిన ధర, ఏటా ఏప్రిల్‌లో టోల్ రేట్లతో పాటు ఇదీ మారొచ్చు. యాప్‌లో కనిపించే అంకే లెక్క. వాట్సాప్‌లో వచ్చే ‘సగం ధరకే పాస్’ లింకుల జోలికి పోకండి.

చిక్కంతా పాత ట్యాగ్‌తోనే. కొత్త కారుతో షోరూమ్ ఇచ్చిన ట్యాగ్ చాలాసార్లు ఛాసిస్ నంబరు మీదే ఉండిపోతుంది. దానికి పాస్ ఇవ్వరు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు పోర్టల్‌లో ఆర్సీ ఎక్కించి బండి నంబరు నమోదు చేయించాకే మళ్లీ ప్రయత్నించాలి. ట్యాగ్ అద్దానికి అతికించి ఉండటం ఇంకో షరతు. డ్యాష్‌బోర్డులో పడేసి, గేటు రాగానే చేత్తో చూపించే అలవాటుంటే బ్లాక్‌లిస్టులో పడుతుంది. అలాంటప్పుడు గేటు దగ్గర నగదు ఇస్తే రెట్టింపు, యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లు వసూలు చేయాలని నిబంధన పెట్టారు. ఈ తేడా 2025 నవంబర్ 15న వచ్చింది. పసుపు నంబరు ప్లేటు బండ్లకు పాస్ లేదు. పాస్ ఉన్న కారు అమ్మేస్తే అది కొత్త కారుకు మారదు, డబ్బూ వెనక్కి రాదు. ఆరు నెలల్లో కారు మార్చే ఉద్దేశం ఉంటే ఆగడమే మంచిది.

గేటుకు 20 కిలోమీటర్లలోపు ఉండి, రోజూ ఆ ఒక్క గేటే దాటే వాళ్లు అసలు ఇటు చూడక్కర్లేదు. వాళ్లకు స్థానికుల నెలవారీ పాస్ ఉంది. 2025–26లో అది 350 రూపాయలు, ఎన్నిసార్లు దాటినా అదే. నెలకు పాతిక రోజులు పోయి వస్తే యాభై ట్రిప్పులు, వార్షిక పాస్ నాలుగు నెలలకే అయిపోతుంది. అలా ఏడాదికి మూడు కొంటే 9,000. నెలవారీ పాస్‌కైతే 4,200. ఆధార్, ఆర్సీ నకళ్లు పట్టుకుని ప్లాజా ఆఫీసులో అడగండి. గేటులో కూర్చున్న కుర్రాడికి తెలియకపోవచ్చు.

పెట్రోలు ఖర్చుతో పోల్చి చూస్తే ఈ ఆదా చిన్నగానే కనిపిస్తుంది. విజయవాడకు 275 కిలోమీటర్లు, లీటరుకు 16 ఇచ్చే కారుకు 17 లీటర్లు. 2025 ధరల్లో 1,800 పైనే. టోల్ దాంట్లో ఆరో వంతు. ఆంధ్రలో లీటరు మరీ ప్రియం కాబట్టి కోదాడ దాటకముందే ట్యాంకు నింపుకుంటే ఇంకాస్త మిగులుతుంది.

200 ట్రిప్పులు గానీ ఏడాది గానీ, ఏది ముందు పూర్తయితే అక్కడితో పాస్ ఆగి, ట్యాగ్ మామూలుదైపోతుంది. తర్వాతి గేటు నుంచి పూర్తి టోల్ వాలెట్‌లోంచి పోతుంది. నూట ఎనభై దాటాక యాప్‌లో మిగిలిన ట్రిప్పులు చూసుకుంటూ, వాలెట్‌లో ఒక ఐదు వందలు ఉంచుకోండి. ఔటర్‌కీ అవే పనికొస్తాయి.