నిషికసాయిలో అద్దె ఇల్లు, టోక్యోలో ఉద్యోగం: కొన్నేళ్లు ఉన్నాక నా సమీక్ష

హైదరాబాద్ నుంచి టోక్యోకి ఉద్యోగం మీద వస్తున్న కుర్రాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది, "అన్నా, అక్కడ అద్దెలెంత?" అనే. అద్దె ఒక్కటే చూసి ఇల్లు తీసుకోవద్దని వాళ్లకి గట్టిగా చెప్తాను. టోక్యోలోని ఎడొగవా వార్డులో ఉన్న నిషికసాయి అనే పేటలో ఒక వన్ ఎల్‌డీకే ఇంట్లో మా ఆవిడా నేనూ కొన్నేళ్లుగా ఉంటున్నాం. మన లెక్కలో సింగిల్ బెడ్రూం ఇల్లు. నెలకు 1,20,000 యెన్లు. ఆ అంకె బయట ఉన్న ఖర్చులూ ఇబ్బందులే మొదటి రెండేళ్లు మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేశాయి.

తాళం చేతికి రావాలంటే దాదాపు ఐదు నెలల అద్దె కట్టాలి. మాకు షికికిన్ అనే అడ్వాన్స్ ఒక నెల, రేకిన్ అని ఓనరుకి ఇచ్చేసే డబ్బు ఇంకో నెల, బ్రోకర్ కమిషన్ ఒక నెల, దాని మీద పన్ను, మన అద్దెకి హామీ ఉండే పూచీ కంపెనీకి సగం నెల, ఇంటి బీమా, తాళం మార్చినందుకు కొంత, ఆపైన మొదటి నెల అద్దె. రేకిన్ మళ్లీ తిరిగి రాదు. ఇది నాకు ఇప్పటికీ నచ్చని ఖర్చు. ఇవన్నీ వద్దనుకుంటే యూఆర్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఇళ్లున్నాయి. వాటికి రేకిన్, కమిషన్, పూచీ, రెన్యువల్ ఫీజు ఏవీ ఉండవు. రెండు నెలల అడ్వాన్స్ కడతారు, జీతం ఇంత ఉండాలని షరతు ఉంటుంది. నిషికసాయిలో, ఓజిమాలో మనవాళ్లు చాలామంది ఆ ఇళ్లలోనే ఉంటున్నారు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న జంటలకి నా మొదటి సలహా అదే.

ఇక వంటింటి సంగతి. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు, రోజూ అవసరమయ్యేది మాత్రం ఇదే. అద్దె ఇంట్లో గ్యాస్ స్టవ్ చాలాసార్లు ఉండదు. గదుల్లో లైట్లు, కర్టెన్లు కూడా మనమే కొనుక్కోవాలి. స్టవ్ కొనేముందు ఆ బిల్డింగ్‌కి పైపు గ్యాసా, ప్రొపేన్ సిలిండరా అని అడగాలి. రెండింటికీ స్టవ్‌లు వేరు, ఒకదానిది ఇంకోదానికి వాడకూడదు. ప్రొపేన్ అయితే బిల్లు కూడా బాగా ఎక్కువ వస్తుంది. గ్యాస్ మనిషి వచ్చి మనం ఇంట్లో ఉండగానే కనెక్షన్ తెరుస్తాడు కాబట్టి, ఇంట్లో దిగే రోజుకి ముందే టైం తీసుకోవాలి.

ఇక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీని నేరుగా పెడితే తిరుగుతుంది గానీ పప్పు నలగదు. స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మా 750 వాట్ల మిక్సీకి 1,500 వాట్లది కొన్నాం, బరువుగా ఉంటుంది కానీ ఇన్నేళ్లలో ఏ తేడా రాలేదు. మా ఇంటికి మొదట 30 ఆంపియర్ల కనెక్షన్ ఉండేది. చలికాలం పొద్దున్నే హీటర్, రైస్ కుక్కర్ నడుస్తుండగా చట్నీ వేస్తే బ్రేకర్ పడిపోయేది. 40కి మార్పించుకున్నాం, నెలవారీ ఛార్జీ కొద్దిగా పెరిగింది, ఆ టెన్షన్ పోయింది. మనలా రుబ్బుకుని వండుకునే కుటుంబాలు ఈ పని మొదటి వారంలోనే చేయించుకోవడం మంచిది. మినప్పప్పు, సోనా మసూరి, కరివేపాకు ఈ పేటలో నడిచి వెళ్లి తెచ్చుకోవచ్చు.

గోడల గురించి కూడా చెప్పాలి. చెక్క ఇళ్లు, సన్న ఉక్కు ఫ్రేమ్ ఇళ్లు చవక, కానీ పక్కింటి దగ్గు కూడా వినిపిస్తుంది. కాంక్రీట్ బిల్డింగ్‌కి నెలకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. 1981 జూన్ తర్వాతి భూకంప నిబంధనల ప్రకారం కట్టిందా అని తప్పకుండా అడగండి. మా బిల్డింగ్ ఆ తర్వాతదే. చలికాలంలో ఒంటి అద్దం కిటికీల మీద పొద్దున్నే నీళ్లు కారతాయి. రోజూ తుడవకపోతే కర్టెన్ల అంచులకి బూజు పడుతుంది.

ఎడొగవా వార్డు నేలలో సుమారు 70 శాతం, సముద్రానికి పోటు వచ్చినప్పటి మట్టం కన్నా కిందే ఉంది. 2019లో వార్డు ఆఫీసు పంచిన వరద మ్యాప్ అట్ట మీద, పెద్ద వరద వచ్చేలా ఉంటే వార్డు వదిలి వెళ్లాలన్న అర్థంలో "ఇక్కడ ఉండకూడదు" అనే రాశారు. అదే ఏడాది అక్టోబరులో హగిబిస్ తుపాను వచ్చింది. అందుకే ఈ పేటలో కింది అంతస్తు ఎంత చవకగా వచ్చినా నేను సిఫారసు చేయను.

ఈ పేట మనవాళ్లకి ఎందుకు కుదిరిందంటే, ముఖ్యంగా తోజాయ్ అనే మెట్రో లైను వల్ల. 1979లో ఇక్కడ స్టేషన్ వచ్చింది. 2000 సంవత్సరపు కంప్యూటర్ సమస్య (వైటూకే) రోజుల్లో మన ఇంజనీర్లు ఇక్కడికి ఎక్కువగా చేరారు. బ్యాంకుల ఆఫీసులుండే ఒతెమాచికి రైలు మారకుండా ఇరవై నిమిషాల లోపే వెళ్లొచ్చు. రైల్లో రద్దీ మాత్రం భరించాల్సిందే. 2019లో ఈ లైనులోని కిబా, మొంజెన్‌నకచో స్టేషన్ల మధ్య 199 శాతం రద్దీ నమోదైంది, అంటే రైలు సామర్థ్యానికి దాదాపు రెట్టింపు జనం. ఆఫీసులో ఫ్లెక్స్ టైం ఉంటే వాడుకోండి. తొమ్మిదిన్నర తర్వాత అదే రైల్లో నిలబడి పుస్తకం చదువుకోవచ్చు.

ఉద్యోగం సంగతికొస్తే, పని నాకు నచ్చింది. నిర్ణయాలు నెమ్మదిగా జరుగుతాయి, కానీ ఒకసారి అనుకున్నాక మాట మారదు. చిక్కు ఉంటే చివరిదాకా దాచకుండా పొద్దున్నే చెప్పేసేవాళ్లని ఇక్కడ గౌరవిస్తారు. సెలవుల విషయం మాత్రం ముందే తెలుసుకోండి. చట్టం ప్రకారం ఆరు నెలలు పనిచేశాకే పది రోజుల జీతం సెలవు వస్తుంది. అంటే జూలై మొదట్లోపు చేరితేనే సంక్రాంతికి ఊరెళ్లేందుకు సెలవు ఉంటుంది. కొన్ని కంపెనీలు చేరిన రోజు నుంచే ఇస్తాయి, అడిగి చూడండి.

జీతం స్లిప్పులో అసలు మార్పు రెండో ఏడాది జూన్‌లో కనిపిస్తుంది. నివాస పన్ను ముందటి ఏడాది ఆదాయం మీద సుమారు పది శాతం ఉంటుంది కాబట్టి, వచ్చిన కొత్తలో కోత ఉండదు. ఏడాది మధ్యలో వచ్చినవాళ్లకి రెండో ఏడాది కొంత, మూడో ఏడాది పూర్తి మొత్తం పడుతుంది. మొదటి ఏడాది చేతికొచ్చిన జీతాన్ని నమ్ముకుని ఊళ్లో ఈఎంఐ మొదలుపెట్టకండి. జనవరి 1న ఇక్కడ చిరునామా ఉంటే, మధ్యలో వెళ్లిపోయినా ఆ ఏడాది పన్ను కట్టాల్సిందే. పెన్షన్‌కి 18.3 శాతంలో సగం మన జీతం నుంచి పోతుంది. ఇండియా కంపెనీ పంపితే వచ్చినవాళ్లకి 2016 అక్టోబరులో అమల్లోకి వచ్చిన ఇండియా, జపాన్ ఒప్పందం ప్రకారం ఐదేళ్ల దాకా మినహాయింపు దొరుకుతుంది. ఇక్కడి కంపెనీలోనే చేరినవాళ్లకి అది లేదు. తిరిగి వెళ్లిపోతే రెండేళ్లలోపు అర్జీ పెట్టుకుని కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు.

రెండేళ్లకోసారి ఓనరుకి ఒక నెల అద్దె రెన్యువల్ కింద కట్టాలి. ఆ సమయంలో వేరే ఇళ్లు చూశాం. మళ్లీ రేకిన్, కమిషన్ లెక్కేస్తే ఇక్కడే ఉండటం లాభమని తేలింది. కిందటి సారి సంతకం పెట్టేప్పుడు నా దగ్గర మొదటి రోజు తీసిన గోడల ఫోటోలు ఇంకా ఉన్నాయో లేదో చూసుకున్నాను. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల ఓనరు భరించాలని 2020 ఏప్రిల్ నుంచి సివిల్ కోడ్‌లోనే ఉంది. తాళింపు నూనె మరకలు మాత్రం మన ఖాతాలోకే వస్తాయి. అందుకే పొయ్యి వెనక గోడకి అల్యూమినియం రేకు అడ్డం పెట్టి ఉంచాం.

ఇప్పుడు ఎవరైనా ఆఫర్ చేతిలో పట్టుకుని ఫోన్ చేస్తే, సంతకం పెట్టే ముందు ఇల్లు కంపెనీ పేరు మీద తీసుకుంటారా అని అడగమంటాను. ఒప్పుకునే కంపెనీల్లో మొదటి ఖర్చులు చాలావరకు వాళ్లే పెట్టుకుంటారు, పూచీ కోసం తిరగాల్సిన పని కూడా తప్పుతుంది.