పాపాయికి విరేచనాలు, జ్వరం: ఓఆర్ఎస్ పొడా, టెట్రా ప్యాకా, కొబ్బరి నీళ్ళా?

బెంగళూరులో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పసిబిడ్డకు మోషన్స్ పట్టుకున్నాయంటే తలా ఒకటి చెప్తారు. ఊరి నుంచి అత్తమ్మ ఫోన్ చేసి కొబ్బరి నీళ్ళు పట్టమంటారు, మెడికల్ షాపులో తియ్యటి టెట్రా ప్యాక్ చేతిలో పెడతారు. నన్నడిగితే మాత్రం నీళ్ళలో కలిపి పట్టే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టే.

ఎందుకంటే ఉప్పూ గ్లూకోజూ సరైన పాళ్ళలో కలిస్తేనే పేగులు నీటిని బాగా పీల్చుకుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఆ తియ్యటి డ్రింకుల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, అది ఒంట్లో నీటిని పేగుల్లోకి లాగేసి విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదంది. ఆమెకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

కొబ్బరి నీళ్ళలో పొటాషియం బాగానే ఉంటుంది కానీ సోడియం చాలదు, కాస్త పెద్ద పిల్లలకు మధ్యలో ఇవ్వొచ్చు, ఓఆర్ఎస్‌కు బదులుగా కాదు. ఆరు నెలలు నిండిన బిడ్డకైతే ఉప్పేసిన పల్చటి గంజి మేలే. తల్లిపాలు ఏ వయసులోనూ ఆపొద్దు.

పొడిలోనూ ఒక ప్రమాదం ఉంది. లీటరు ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్ళలో కలిపేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ముప్పు, కాబట్టి ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళని రాసుందో చూసి మొత్తం ఒకేసారి కలపండి. క్యాన్ నీళ్ళయినా మరిగించి చల్లార్చండి, కలిపిన ఓఆర్ఎస్ 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ళలోపు వాళ్ళకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టండి. డాక్టర్ రాసిన జింక్‌ను మోషన్స్ తగ్గాయని మధ్యలో మానేయకండి, 14 రోజులూ వేయాలి.

జ్వరానికి పారాసిటమాల్ బిడ్డ బరువును బట్టి డాక్టర్ చెప్పిన డోసే, పక్కింటి పిల్లాడి డోసు కాదు. మోషన్స్ ఆపే మాత్రలు పసిపిల్లలకు అసలొద్దు.

మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరమొచ్చినా, మలంలో రక్తం పడినా, కళ్ళు లోపలికి పోయినా, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, తాగకుండా మత్తుగా పడుంటున్నా ఇక ఇంట్లో ఏమీ చూడొద్దు. అర్ధరాత్రయినా సరే, దగ్గర్లో పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళిపోండి, బిడ్డ మెలకువగా ఉండి తాగగలిగితేనే దారిలో కూడా చెంచాతో ఓఆర్ఎస్ పట్టిస్తూ ఉండండి.