ఓట్స్ జావా? రాగి జావా?
కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు నేను ముందు ఓట్సే చెబుతాను. అందులోని బీటా-గ్లూకాన్ అనే కరిగే పీచు పేగుల్లో జిగురుగా మారి, కొవ్వు అరగడానికి కాలేయం తయారుచేసే పిత్త ఆమ్లాలను పట్టుకుని బయటకు పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా-గ్లూకాన్ తీసుకుంటే గుండెకు మేలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే ఒప్పుకుంది. అంటే సుమారు 75 గ్రాముల ఓట్స్. మాంసకృత్తుల్లోనూ ఓట్స్‌దే పైచేయి.

కాల్షియం దగ్గర మాత్రం రాగులకు సాటి లేదు: 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాములు. ఓట్స్‌లో 50 చిల్లరే. ఎదిగే పిల్లలకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు రాగి జావే ఇవ్వండి, మజ్జిగ కలిపితే మరీ మంచిది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడనివాళ్లకూ రాగులే నయం. మామూలు ఓట్స్‌లో గోధుమ కలిసే అవకాశం ఉంది.

షుగర్ ఉన్నవాళ్లు తీపి కలిపిన ఇన్‌స్టంట్ ఓట్స్ ప్యాకెట్ల జోలికి వెళ్లొద్దు.