క్రూజ్ షిప్‌లో ఫోన్ మెనూ: కేబిన్‌లో బాగుంది, టేబుల్ దగ్గర మాత్రం కాగితమే కావాలి

క్రూజ్ వెళ్లొచ్చినవాళ్లు షిప్ గురించి, కేబిన్ గురించి, రాత్రి షోల గురించి చాలా రాశారు కాబట్టి నేను వాటి జోలికి వెళ్లట్లేదు, డిన్నర్‌లో చేతికి ఇచ్చే మెనూ కార్డు తీసేసి దాని బదులు టేబుల్ మీద క్యూఆర్ కోడ్ పెట్టారు కదా, దాని గురించి మాత్రమే రాస్తున్నా. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు, పెద్ద క్రూజ్ కంపెనీల్లో (వీటినే లైన్లు అంటారు) చాలావాటిలో ఇప్పుడు ఏదో ఒక రూపంలో ఇదే పద్ధతి ఉంది. నా మాట ముందే చెప్పేస్తా: మెనూ ఫోన్‌లో ఉండటం చాలా మంచి పని, కానీ టేబుల్ మీద కాగితం మెనూ తీసేయడం మాత్రం తప్పు. రెండూ వేరు వేరు విషయాలు, కంపెనీలు రెండిటినీ కలిపేసి ఒకే మార్పు అన్నట్టు చూపిస్తున్నాయి.

తెలియనివాళ్ల కోసం, ఇది ఎలా ఉంటుందంటే, మెయిన్ డైనింగ్ రూమ్‌లోకి వెళ్తాం, కూర్చుంటాం, తెల్ల గుడ్డ పరిచిన టేబుల్, గ్లాసులు, మడతపెట్టిన నాప్కిన్లు అన్నీ పద్ధతిగా ఉంటాయి, మధ్యలో చిన్న స్టాండ్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. దాన్ని స్కాన్ చేస్తే ఒక పేజీ ఓపెన్ అవుతుంది, లేదా షిప్ యాప్‌లోకి తీసుకెళ్తుంది, అందులో రెస్టారెంట్ సెలెక్ట్ చేసి, ఈరోజు డిన్నర్ అన్నది సెలెక్ట్ చేస్తే అప్పుడు స్టార్టర్లు, మెయిన్స్, డెజర్ట్స్ వస్తాయి. ఆర్డర్ తీసుకునేది మాత్రం వెయిటరే. అంటే పనంతా పాతదే, చదివే వస్తువు ఒక్కటే మారింది.

ఇది ఎక్కడ మొదలైందో అందరికీ గుర్తుండే ఉంటుంది. 2020 మార్చి 14న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ క్రూజ్ షిప్‌లు కదలకూడదని నో సెయిల్ ఆర్డర్ ఇచ్చింది, షిప్‌లు ఆగిపోయాయి, 2021 జూన్‌లో అక్కడి పోర్టుల నుంచి మళ్లీ ప్రయాణికులతో కదిలేటప్పటికి ఎవరూ ఒకరు పట్టుకున్న వస్తువు ఇంకొకరు పట్టుకోకూడదు అన్న భయం బాగా ఉంది, ఆ టైమ్‌లో క్యూఆర్ మెనూలు బాగా పాకిపోయాయి. ఆ రోజుల్లో అది సరైన పనే, నేను తప్పు పట్టను. కానీ అదే సీడీసీ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది, వైరస్ ఉన్న వస్తువుని ముట్టుకోవడం వల్ల కోవిడ్ అంటుకునే అవకాశం 10,000లో ఒకటి కంటే తక్కువ అని. అంటే కారణం అప్పటికే పల్చబడిపోయింది, పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

షిప్‌లో అసలు భయపడాల్సింది వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి, అది నిజంగానే చేతుల ద్వారా, వస్తువుల ద్వారా పాకుతుంది, శానిటైజర్ జెల్ దాని మీద అంత బాగా పనిచేయదు కూడా, సబ్బుతో కడుక్కోవాల్సిందే. సరే, మరి ఫోన్ సంగతేంటి? లిఫ్ట్ బటన్ నొక్కిన చెయ్యి, మెట్ల రెయిలింగ్ పట్టుకున్న చెయ్యి, అదే చెయ్యి ఫోన్ మీద పైకీ కిందకీ జరిపి వెంటనే బ్రెడ్ తీసుకుంటుంది. తుడవగలిగే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన మెనూని సిబ్బంది ప్రతి సిట్టింగ్‌కీ, అంటే ఒక్కో విడత భోజనానికీ, తుడవగలరు, మన ఫోన్‌ని ఎవరు తుడుస్తున్నారు? డైనింగ్ రూమ్ గుమ్మం దగ్గర చేతులు కడుక్కునే సింకులు పెడితే వచ్చే లాభం ముందు ఈ క్యూఆర్ కోడ్ వల్ల వచ్చేది ఏమంత లేదని నా అభిప్రాయం, కొన్ని షిప్‌లలో బఫే దగ్గర అలాంటి సింకులు ఉన్నాయి కూడా.

ఇప్పుడు మంచి సంగతి, ఇది మాత్రం మనస్ఫూర్తిగా చెప్తున్నా. మధ్యాహ్నం కేబిన్‌లో పడుకుని రాత్రికి ఏముందో చూసుకోవడం ఎంత హాయో. ఇంతకుముందు డైనింగ్ రూమ్ బయట స్టాండ్‌లో పెట్టిన మెనూ చదవడానికి డెక్‌లు, అంటే అంతస్తులు, దిగి నడుచుకుంటూ వెళ్లాల్సి వచ్చేది. పెద్ద షిప్‌లలో అది చిన్న నడక కాదు, 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ లాంటిదాంట్లో 20 డెక్‌లు, ఫుల్‌గా నిండితే 7,600 మంది దాకా ప్రయాణికులు పడతారు, డజన్ల కొద్దీ తినే చోట్లు ఉంటాయి. అంత చోట ఎక్కడ ఏముందో, ఏది ఎన్నింటికి తెరుస్తారో, దేనికి రిజర్వేషన్ కావాలో జేబులో ఉండటం లగ్జరీ కాదు, అవసరం. మెనూలో ఏదైనా మారితే యాప్‌లో వెంటనే మార్చేయొచ్చు. అలర్జీ ఉన్నవాళ్లకైతే ఇంకా మేలు, నట్స్, గ్లూటెన్, పాలు ఏ ఐటమ్‌లో ఉన్నాయో వెయిటర్ పక్కన నిలబడి ఉండగా కంగారుగా అడగక్కర్లేకుండా తీరిగ్గా చూసుకుని, ముందు రోజు రాత్రే హెడ్ వెయిటర్‌కి చెప్పి పెట్టుకోవచ్చు, కిచెన్‌కి కూడా టైమ్ దొరుకుతుంది. ఇంగ్లిష్ అంతగా రానివాళ్లు ఫోన్‌లోనే అనువాదం చేసుకోవచ్చు. కాకపోతే అలర్జీ విషయంలో యాప్‌లో గుర్తు చూసి వదిలేయకండి, నోటితో కూడా చెప్పండి.

కొన్ని లైన్లు ఇంకో అడుగు ముందుకేశాయి. ప్రిన్సెస్ అనే క్రూజ్ కంపెనీ వాళ్ల మెడాలియన్ అని చిన్న బిళ్ల ఉంటుంది, అది మన దగ్గర ఉంటే యాప్‌లో ఆర్డర్ చేసిన డ్రింక్ మనం కూర్చున్న కుర్చీ దగ్గరికే వస్తుంది, మనం ఎక్కడున్నామో సిబ్బందికి ఆ బిళ్ల ద్వారా తెలుస్తుంది. అలాంటి పని కాగితం ఎప్పటికీ చేయలేదు. ఫోన్ చేయగలిగినదాన్ని ఫోన్‌తో చేయించడం అంటే అదీ.

ఇక టేబుల్ దగ్గరికి వద్దాం. మాతో మావయ్యగారు వచ్చారు, ఆయనకి కళ్లజోడు ఉంది, ఫోన్ ఉంది, వాట్సాప్ బాగానే వాడతారు, అంటే ఫోన్ తెలియని మనిషి కాదు. కూర్చున్నాం, ఆయన కోడ్ మీద కెమెరా పెట్టారు, లింక్ వచ్చింది, నొక్కారు, తెల్ల స్క్రీన్. పైన ఒక మెసేజ్, ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, కనెక్ట్ అయ్యే ఉండాలా అని. ఎవరైనా ఏం చేస్తారు, ఇంటర్నెట్ లేదంటే వద్దనే నొక్కుతారు, ఆయనా అదే నొక్కారు. అంతే, ఫోన్ షిప్ వైఫై నుంచి బయటికొచ్చేసింది, ఇక మెనూ వచ్చే దారే లేదు. అసలు విషయం ఏంటంటే షిప్ వైఫైలో బయటి ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా యాప్, మెనూ ఫ్రీగా వస్తాయి, అవి షిప్ లోపలి సర్వర్‌లోనే ఉంటాయి, కానీ ఫోన్‌కి ఆ సంగతి తెలియదు, దాని దృష్టిలో అది చచ్చిన నెట్‌వర్క్. "మావయ్యగారూ, ఇలా ఇవ్వండి నేను పెడతా" అని తీసుకుని మళ్లీ కలిపాను, ఈలోపు స్క్రీన్ లాక్ అయింది, "నువ్వు చూసి చెప్పమ్మా, ఏదో ఒకటి తింటాలే" అన్నారు. నాకు అక్కడే బాధేసింది. ఆయనకి మెనూ చదవడం అంటే ఇష్టం, ఒక్కో ఐటమ్ కింద రాసింది చదివి ఇదేంటి అదేంటి అని వెయిటర్‌ని అడిగి తెలుసుకుని ఆర్డర్ ఇస్తారు, భోజనంలో సగం సరదా ఆయనకి అదే. దాన్ని తీసేసి "ఏదో ఒకటి" దగ్గరికి తెచ్చారు.

ఇందులో క్యూఆర్ కోడ్ తప్పేమీ లేదు, అది చాలా గట్టి వస్తువు. 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీ కార్ల పార్టులు ట్రాక్ చేయడానికి తయారుచేసింది, ఫ్యాక్టరీలో మసీ నూనే అంటినా చదవగలగాలి కాబట్టి ఎక్కువ రక్షణ ఉన్న రకంలో దాదాపు 30 శాతం పాడైపోయినా పనిచేస్తుంది. దాని మీద సూప్ ఒలికినా స్కాన్ అవుతుంది. తేడా కొట్టేది దాని తర్వాత. షిప్ గోడలు ఉక్కు, వైఫై సిగ్నల్ వాటిలోంచి సరిగా వెళ్లదు, అందుకని ఎక్కడికక్కడ రౌటర్లు పెట్టాలి, మెయిన్ డైనింగ్‌లో మొదటి సిట్టింగ్‌కి వందల మంది ఒకేసారి కూర్చుని ఒకేసారి స్కాన్ చేస్తారు, దాంతో స్లో. శాటిలైట్ ఇంటర్నెట్ స్టార్‌లింక్ వచ్చింది కదా, 2022లో రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ తన షిప్‌లన్నిటికీ పెడతామని ప్రకటించింది కూడా, మరి బాగుపడలేదా అని అడగొచ్చు. అది షిప్ నుంచి ఆకాశానికి ఉన్న లింక్‌ని బాగుచేస్తుంది, టేబుల్‌కీ రౌటర్‌కీ మధ్య ఇబ్బంది ఉంటే దానికది మందు కాదు.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త. మెనూ రావట్లేదని ఎయిర్‌ప్లేన్ మోడ్ తీసేసేవాళ్లు ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి. షిప్‌కి సొంత సెల్యులార్ నెట్‌వర్క్ ఉంటుంది, అది శాటిలైట్ మీద నడుస్తుంది, మామూలు రోమింగ్ ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు, మెనూ చూసినందుకు బిల్లు ఇంటికొచ్చాక కనిపిస్తుంది.

మెనూ ఓపెన్ అయినా చదవడం ఇంకో కథ. కాగితం మీద స్టార్టర్లు, మెయిన్స్ ఒకే చూపులో పడతాయి, చేపలు రెండు రకాలున్నాయా, స్టార్టర్‌లో సూప్ తీసుకుంటే మెయిన్ తేలిగ్గా తీసుకుందామా అని కళ్లతోనే లెక్క వేసుకుంటాం. ఫోన్‌లో ఒకసారికి నాలుగు ఐటమ్స్ కనిపిస్తాయి, కిందకి వెళ్తే పైది మర్చిపోతాం, మళ్లీ పైకి. కొన్నిచోట్ల కాగితం మెనూనే పీడీఎఫ్ చేసి పెట్టేశారు, దాన్ని పెద్దది చేస్తే లైన్ సగమే కనిపిస్తుంది, పక్కకి జరపాలి. మసక వెలుతురులో అందరి మొహాల మీదా ఫోన్ వెలుగు, ఎవరూ ఒకరినొకరు చూసుకోరు, ఆర్డర్ ఇచ్చాక కూడా ఫోన్ చేతిలోనే ఉంటుంది, ఎలాగూ తీశాం కదా అని ఇంకేవో చూస్తూ కూర్చుంటారు. పిల్లల్ని ఫోన్ పక్కన పెట్టమని చెప్పే టేబుల్ దగ్గరే ఫోన్ తియ్యమని మనమే చెప్పాల్సి వస్తోంది.

చూపు సరిగా లేనివాళ్ల సంగతి కూడా ఆలోచించాలి. మెనూని నిజమైన టెక్స్ట్‌గా పెడితే ఫోన్ చదివి వినిపిస్తుంది, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి అవుతాయి, అది కాగితం కంటే వంద రెట్లు మేలు. అదే మెనూని బొమ్మలాగా పెడితే స్క్రీన్ రీడర్‌కి అందులో ఏమీ వినిపించదు. అమెరికా వికలాంగుల హక్కుల చట్టం ఆ దేశ జలాల్లో తిరిగే విదేశీ జెండా, అంటే వేరే దేశంలో రిజిస్టర్ అయిన, క్రూజ్ షిప్‌లకి కూడా వర్తిస్తుందని, కొన్ని మినహాయింపులతో, అక్కడి సుప్రీంకోర్టు 2005లో స్పెక్టర్ కేసులో చెప్పింది. చట్టం ఎలాగున్నా, ఫోన్ మెనూ పెట్టేవాళ్లు ముందు ఈ ఒక్క పని సరిగా చేయాలి.

అడిగితే కాగితం మెనూ ఇస్తారు కదా అంటారు. ఇస్తారు, మాకూ ఇచ్చారు, వెయిటర్ నవ్వుతూనే తెచ్చిచ్చాడు, అతని మీద నాకు ఒక్క మాట కూడా లేదు. కానీ అడగాలి అన్నదే ఇక్కడ చిక్కు. మావయ్యగారిలాంటివాళ్లు అడగరు, నాకు ఫోన్‌లో మెనూ తెరవడం రాలేదు అని పది మంది ముందు ఒప్పుకోవడం వాళ్లకి చిన్నతనంగా ఉంటుంది. పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ మా దగ్గర కాగితం చూసి, అది ఎక్కడ దొరికింది అని అడిగి, అప్పుడు తనూ తెప్పించుకుంది. ఒక టేబుల్‌కి వస్తే చుట్టూ నాలుగు టేబుళ్లు అడుగుతున్నాయంటే జనానికి అది కావాలనే కదా అర్థం. పైగా వెయిటర్లకి పని తగ్గలేదు, పెరిగింది, ఆర్డర్ తీసుకోవాల్సినవాళ్లు ఒక్కో ఫోన్ చేతిలోకి తీసుకుని వైఫై కలుపుతూ నిలబడుతున్నారు.

కాగితం ఆదా అవుతుందన్న మాట నిజమే, రోజూ మెనూ మారే చోట రోజూ ప్రింట్ చేయాలి, షిప్‌లోనే ప్రింట్ షాప్ ఉంటుంది. దానికి మార్గం ఉంది కదా, మనిషికొకటి అక్కర్లేదు, టేబుల్‌కి రెండు పెడితే చాలు, ఒకే రకం మెనూలు ప్రయాణం నుంచి ప్రయాణానికి తిరిగి వస్తాయి కాబట్టి ఆ కార్డులు దాచి మళ్లీ వాడుకోవచ్చు.

వెళ్లబోయేవాళ్లు ఇంట్లో ఉండగానే యాప్ దించుకుని లాగిన్ అయిపోండి, ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోండి. షిప్ ఎక్కాక ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి, వీపీఎన్ ఉంటే ఆపేయండి, ఇంటర్నెట్ లేదన్న మెసేజ్ వస్తే కనెక్ట్ అయ్యే ఉండమని నొక్కండి. సాయంత్రం కేబిన్‌లోనే ఆ రోజు మెనూ స్క్రీన్‌షాట్లు తీసి పెద్దవాళ్ల ఫోన్‌లోకి పంపేయండి, అప్పుడు టేబుల్ దగ్గర వైఫై ఎలా ఉన్నా పర్వాలేదు. అన్నిటికంటే తేలికైంది, మొదటి రాత్రే వెయిటర్‌తో మా టేబుల్‌కి రోజూ రెండు ప్రింటెడ్ మెనూలు పెట్టండి అని చెప్పేయడం, చాలా షిప్‌లలో అదే టేబుల్, అదే వెయిటర్ ఉంటారు కాబట్టి మళ్లీ అడగక్కర్లేదు. మాకు అలా చెప్పిన తర్వాత మేము వచ్చేసరికే మావయ్యగారి ప్లేటు పక్కన మెనూ ఉండేది, ఆయన మళ్లీ వెయిటర్‌ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు.

యాప్‌కి 5కి 4 ఇస్తా. టేబుల్ దగ్గర క్యూఆర్ కోడ్‌కి 2. భోజనానికి, సిబ్బందికి పూర్తి 5, వాళ్ల మార్కులు దీనివల్ల తగ్గకూడదు.