పరాయి దేశంలో సేవలో ఉన్నప్పుడు అయినవాళ్లకు బస ఎక్కడ మేలు?

విదేశంలో ఆరోగ్య కేంద్రంలోనో, పాఠశాలలోనో, సహాయ శిబిరంలోనో పనిచేస్తున్నవారిని చూడడానికి ఇంటివాళ్లు బయలుదేరుతున్నామని కబురు చేసినప్పుడు, ఆ సంతోషం వెంటే ఒక ప్రశ్న కూడా వస్తుంది. వారిని మనం ఉండే ఇంట్లోనే దింపుకోవాలా, దగ్గరలో వేరే బస చూడాలా, లేక మనమే సెలవు పెట్టి అందరికీ అనువైన మూడో చోట కలుసుకోవాలా? నర్సుగా పనిచేస్తూ ఈ మూడు పద్ధతులనూ నేను చేసి చూశాను. అమ్మానాన్నలు, తోబుట్టువులు వస్తే మన ఇల్లే మేలనీ, స్నేహితులకు వేరే బస మేలనీ, మూడో చోటు తప్పనిసరి అయినప్పుడే ఎంచుకోదగినదనీ నా అభిప్రాయం.

మన ఇంట్లో ఉంచుకోవడంలోని కష్టం అందరికీ తెలిసినదే. సేవలో ఉన్నవారి ఇల్లు తరచుగా ఒకటి రెండు గదులదే, పైగా మన పని ఆగదు. రాక రాక వచ్చినవారిని గదిలో వదిలి తెల్లవారగానే డ్యూటీకి వెళ్లడానికి మనసొప్పక, చాలామంది వారు దిగిన రోజు నుంచే సెలవు పెడతారు. అది పొరపాటని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. కాలమండలాలు దాటి వచ్చిన శరీరం కొత్త వేళలకు సర్దుకోవడానికి స్థూలంగా గంట తేడాకు ఒక రోజు పడుతుంది. తూర్పు దిక్కుకు ప్రయాణించినవారికి సాధారణంగా ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఐదారు గంటల తేడా ఉన్న చోటికి వచ్చినవారు మొదటి నాలుగైదు రోజులు పట్టపగలు కునికిపాట్లు పడుతూ, అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. ఆ రోజుల్లో మనం పనికి వెళ్లినా వారికి లోటేమీ ఉండదు; లేపేవారు లేకుండా కాసేపు పడుకోగలిగితే వారికి అదే పదివేలు. కాబట్టి 10 రోజుల సెలవు చేతిలో ఉంటే, దాన్ని వారు దిగిన ఐదో రోజు నుంచి మొదలుపెట్టుకోవడం మంచిది. వయసు మళ్లినవారి విషయంలో ఈ ఏర్పాటు మన ఇంట్లో అయితేనే సాగుతుంది, ఎందుకంటే భాష తెలియని చోట, వేరే బసలో, నడిరేయి మెలకువతో వారిని ఒంటరిగా వదలలేము.

ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మన పని ఏమిటో ఎన్నేళ్లు ఫోనులో చెప్పినా ఇంటివాళ్లకు పూర్తిగా అందదు. మా అమ్మ వచ్చిన మూడో రోజు ఉదయం నాతో కేంద్రానికి నడిచి వచ్చి, వరండాలో బల్ల చివర కూర్చున్నది. పక్కన చేతికి కట్టుతో ఒక ముసలమ్మ తన వంతు కోసం చూస్తున్నది. ఒకరి భాష ఒకరికి రాదు. గంట తరువాత నేను బయటికి వచ్చేసరికి, ఆవిడ భుజం మీది దుప్పటి జారినప్పుడల్లా అమ్మ సర్దుతున్నది. పేరు పిలిచినప్పుడు ఆవిడ అమ్మ చేయి పట్టుకునే లేచింది. అంతవరకూ ప్రతి ఫోనులోనూ ఎప్పుడు వచ్చేస్తావని అడిగిన అమ్మ, ఆ రాత్రి ఆ ముసలమ్మ చేయి ఎప్పటికి నయమవుతుందని అడిగింది.

అయితే హద్దులు ముందే చెప్పాలి. సందర్శకుల వీసా మీద వచ్చినవారు జీతం లేకుండానైనా పనిచేయడాన్ని చాలా దేశాలు అనుమతించవు. అందువల్ల చీటీలు రాయడం, మందులు అందించడం వంటివి వారు ముచ్చటపడి అడిగినా చేయనివ్వకూడదు. రోగుల ఫొటోలు తీయరాదన్న మాట ఇంట్లో ఉండగానే చెప్పాలి.

స్నేహితుల సంగతి వేరు. వారికి ఊరు చూడాలనీ, ఆలస్యంగా లేవాలనీ ఉంటుంది. మన ఇంట్లో ఉంటే మొహమాటంతో మన వేళలకు తలవంచుతారు, మనమూ అదే మొహమాటంతో అలసట దాచుకుంటాం. నడిచి వెళ్లగలిగినంత దూరంలో గది చూసి, దాని ఖర్చు ఎవరిదో టికెట్లు కొనకముందే మాట్లాడుకుంటే, సాయంత్రాలు కలిసి గడపడం ఇద్దరికీ హాయిగా ఉంటుంది.

మూడో చోట కలుసుకోవడం కొందరికి తప్పదు. ఉద్యోగులు కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి వీలులేనివిగా ఐక్యరాజ్యసమితి కొన్ని కేంద్రాలను వర్గీకరిస్తుంది. అటువంటి చోటికి అమ్మానాన్నలను రమ్మనే ప్రశ్నే లేదు. కాని ఈ దారిలో కాగితాల పని రెట్టింపవుతుంది. మనకూ వారికీ విడివిడిగా వీసాలు కావాలి; చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయలుదేరేవారిని టీకా ధ్రువపత్రం అడిగే దేశాలు ఎన్నో ఉన్నాయి. 2016 జులై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతున్నా, తొలిసారి టీకా వేయించుకున్నవారికి 10 రోజులు గడిచాకే అది అమలులోకి వస్తుంది కాబట్టి, చివరి వారంలో నిర్ణయించుకున్న ప్రయాణం అక్కడే ఆగిపోవచ్చు. ఇంత శ్రమపడి కలుసుకున్నా, మనం నిద్రపోయే మంచం, పనికి నడిచే దారి, పలకరించే ఇరుగుపొరుగు వారు చూడకుండానే తిరిగి వెళతారు. నాకు ఆ లోటు చాలా పెద్దదనిపిస్తుంది.

ఈసారి మా చెల్లెలు, మరిది, పిల్లలు వస్తామంటున్నారు. వారు దిగే వారంలో నాకు రాత్రి డ్యూటీ. పగలు నేను నిద్రపోవాలి, పిల్లలు ఆడుకోవాలి. అందుకని మొదటి మూడు రాత్రులకు వీధి చివర గది మాట్లాడి, డ్యూటీ ముగిసిన రోజున నేనే వెళ్లి వారిని ఇంటికి తెచ్చుకుందామని నిర్ణయించుకున్నాను. పిల్లలకు పరుపులు ఇస్తామని పొరుగువారు ఇప్పటికే మాట ఇచ్చారు.